బస్సెక్కిన మడతమంచం

తూనీగ అసలు పేరు అది కాదు, కుట్టుషాపులో పెట్టిన పేరు. మిషను ముందు నుంచి కత్తెర బల్ల దగ్గరికి, అక్కణ్ణుంచి ఇస్త్రీపెట్టె దగ్గరికి, మధ్యలో వీధిలో ఎవరు పోతున్నారో చూడ్డానికి గుమ్మం దగ్గరికి తిరుగుతూ ఒక్క క్షణం కాలు నిలిపేది కాదు. షాపు యజమానురాలు విసుక్కుని ఆ పేరు పెట్టింది. అది షాపులోంచి ఇంటికి పాకింది. మొగుడు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు.

అలాంటి మనిషి కామెర్లొచ్చి మంచం పట్టింది. తగ్గాయి కదా అని లేచి తిరిగితే తిరగబెట్టాయి. రెండోసారి మాత్రం మనిషిని పిండి ఆరేసినట్టు చేశాయి. జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. ఓపిక మాత్రం తిరిగి రాలేదు. స్నానం చేసొస్తే ఆయాసం, జడ అల్లుకుంటుంటే సగంలోనే చేతులు జారిపోయేవి. గోడవైపు తిరిగి పడుకుని, ఇంక తన బతుకు ఇంతేనేమో అనుకునేది. ఎవరితోనూ అనేది కాదు.

మొదటిసారి జబ్బు చేసినప్పుడే మొగుడి అక్క వచ్చింది, పది రోజులు సాయం చేసి పోతానని. ఆవిడ నర్సింగు చదివే ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఊరికి ఆ చివర చిన్న గది అద్దెకు తీసుకుని ఒక్కతే ఉండేది. పది రోజులు కాస్తా ఆరు నెలలయ్యాయి. ఈలోపు ఇల్లు హాస్టలైపోయింది. తువ్వాళ్ళు ఒకే కొలతకి మడతపడ్డాయి. చెప్పులు వరసలో నిలబడ్డాయి. వంటింట్లో డబ్బాలన్నీ పొడుగు ప్రకారం నిలబడి, ఒక్కోదాని మీద ఒక్కో కాగితం ముక్క అంటించుకున్నాయి. సిటీబస్సు నడిపే తమ్ముడు కూడా అక్కకి భయపడి, తాగిన గ్లాసు కడిగి బోర్లించడం నేర్చుకున్నాడు. తూనీగ మంచంలోంచి ఇదంతా చూస్తూ, "వదినా, మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళమో" అనేది. ఆవిడ "పడుకో అమ్మాయ్" అనేది. ఇద్దరి మధ్యా మాటలు ఇంచుమించు అంతే.

ఆ పొద్దున్న మొగుడు డిపోకి వెళ్ళాడు. కూతురు బడికి వెళ్ళింది. వదిన సంచీ తీసుకుని కూరగాయలకి బయల్దేరింది. తూనీగ మంచినీళ్ళు తాగడానికి లేచింది. తాగింది. వచ్చి మంచం మీద కూర్చుంది. పడుకోబుద్ధి కాలేదు.

ఇదేమిటని ఆమెకే అనుమానం వేసింది. లేచి దుప్పటి మడతపెట్టి, ఆయాసం వస్తుందేమోనని కాసేపు నిలబడి చూసింది. రాలేదు. కిటికీ తీస్తే పొద్దుటెండ లోపలికి పడింది, ఆ వెలుగులో పరదా అంచు మాసి నల్లగా కనిపించింది. ఆరు నెలలుగా రోజూ చూస్తున్న పరదాయే. ఇవాళ మాత్రం చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, పరదాలు విప్పి సబ్బునీళ్ళలో పడేసింది. అవి నానేలోపు ఊరికే కూర్చోవడం దేనికని వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ గిన్నెలు కడిగే తొట్టిలో నీళ్ళు దిగక నిలిచిపోయి ఉన్నాయి. కింద బకెట్ పెట్టి, పైపు మర విప్పి, లోపల ఇరుక్కున్న చెత్తంతా పుల్లతో లాగేసింది. ముక్కు పట్టుకుని మరీ నవ్వుకుంది. ఇన్నాళ్ళ తర్వాత చేతికి మురికి అంటుకుంటే ఇంత హాయిగా ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మేది కాదు.

పరదాలు ఉతికి ఆరేశాక కాసిని టీ నీళ్ళు పెట్టుకుందామనుకుంది. పంచదార కోసం అలవాటుగా, చూడకుండానే పొయ్యి పక్కకి చెయ్యి చాచింది. చేతికి అగ్గిపెట్టెలు తగిలాయి. పంచదార పైఅరలో ఉంది. ఉప్పు అంతకంటే పైన ఉంది. తన వంటింట్లో తను చుట్టపుచూపుగా వచ్చిన దానిలా వెతుక్కోవాల్సి వచ్చింది. అంతే, టీ సంగతి పక్కనపెట్టి డబ్బాలన్నీ కిందకి దించేసింది. అరలు తుడిచింది. కాగితం ముక్కలు ఊడొచ్చేదాకా డబ్బాల్ని బకెట్లో ముంచి కడిగింది.

వదిన సంచీతో వచ్చేసరికి వంటింట్లో అడుగు పెట్టే చోటు లేదు. నేలంతా డబ్బాలు. మధ్యలో తూనీగ, చీపురు పట్టుకుని, మొహమంతా చెమటతో.

"ఇదంతా నువ్వేనా చేసింది?"

"నేనే వదినా. చూడండి, ఆయాసం కూడా రావట్లేదు."

వదిన చూపు బకెట్ మీద పడింది. నీళ్ళ మీద తన చేతిరాత తేలుతోంది. బియ్యం, కందిపప్పు, ఉప్పు.

"ఉప్పు పొయ్యి పక్కన ఉంటేనే నాకు చేతికి అందుతుంది" అంది తూనీగ, సంజాయిషీలా.

"నీ వంటిల్లు, నీ ఇష్టం."

ఆవిడ సంచీ గడపలోనే పెట్టేసి ముందుగదిలోకి వెళ్ళింది. కాసేపటికి అక్కణ్ణుంచే అంది. "నీకు ఓపిక వచ్చింది, సంతోషం. ఇంక నేను దేనికి? ఆదివారం బయల్దేరతాను. నా గది దుమ్ము కొట్టుకుపోయి ఉంటుంది."

తూనీగ అప్పుడు డబ్బాలు తుడిచే ఊపులో ఉంది. మాటలోని బరువు ఆమెకు తగల్లేదు. "మీ ఇష్టం వదినా. మీరు కూడా కాస్త విశ్రాంతి తీసుకోవాలిగా" అంది. మర్యాదకే అంది.

ముందుగదిలో పేపరు విప్పిన చప్పుడైంది.

డబ్బాలు సర్దడం అయ్యాక కూడా తూనీగకి ఊపు తగ్గలేదు. రాయిలా గట్టిపడిన తలగడలు రెండు సంచీలో కుక్కుకుని, చెప్పులు వేసుకుంది. ఇంకో రోజైతే వదిన గుమ్మానికి అడ్డం నిలబడేది. ఇవాళ పేపరు మీంచి తలెత్తకుండా "జాగ్రత్త" అని ఊరుకుంది. వీధిలోకి వచ్చాక ఆ ఒక్క ముక్క తూనీగ చెవిలో ముల్లులా గుచ్చుకుంది. అడ్డు చెప్పకుండా ఊరుకున్న వదినని ఆమె ఎప్పుడూ చూడలేదు.

మొదట కుట్టుషాపుకి వెళ్ళింది. కిటికీ పక్కన తన మిషను మీద ఎవరో కొత్తమ్మాయి కూర్చుని ఉంది. తూనీగ గుమ్మంలోనే ఆగింది. యజమానురాలు కళ్ళజోడు పైకి తోసుకుని చూసింది.

"తూనీగేనా? సగమైపోయావేంటి?"

"మిగతా సగం కూడా వస్తుంది లెండి. నాకింకా చోటుందా అని అడుగుదామని వచ్చాను."

"చోటు లేకపోవడమేంటి? చేతిపనికి మనిషి లేక ఆ జాకెట్లన్నీ ఎలా పడున్నాయో చూడు. ఈ పిల్ల కుట్లు సూటిగా వేస్తుంది కానీ కాలరు దగ్గరికొచ్చేసరికి ఏడుస్తుంది. సోమవారం నుంచి సగం పూట రా. అలుపొస్తే వెళ్ళిపో. నేనేం గంట కొట్టను."

కొత్తమ్మాయి లేచి కుర్చీ ఇవ్వబోయింది. తూనీగ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టి, చేతిలో ఉన్న కాలరు తీసుకుని, మూల దగ్గర బట్ట ఎలా తిప్పాలో చూపించింది. వేళ్ళు ఏమీ మర్చిపోలేదు. బయటికొచ్చేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. ఎండ అనుకుని తుడుచుకుంది.

అక్కణ్ణుంచి పరుపుల దుకాణం రెండు వీధుల అవతల. దూది బాగా ఏకుతారని వదినే ఎప్పుడో చెప్పింది. దుకాణదారు భార్య ఒకప్పుడు హాస్టల్లో వంట చేసేదట. దుకాణంలో ఎక్కడ చూసినా దూది. దుకాణదారు కనుబొమల మీద కూడా దూదే. అతను తలగడలు నొక్కి చూసి, "ఇవి తలకింద పెట్టుకునేవా, పునాదిలో వేసేవా?" అన్నాడు. మళ్ళీ ఏకి నింపిస్తే శనివారానికి ఇస్తానన్నాడు.

తూనీగ సరేనని తిరగబోతూ ఆగిపోయింది. గోడకి ఆనించి ఇనప మడతమంచం ఒకటి ఉంది. దాని పక్కన రేకుపెట్టె. పెట్టె మీద నీలం గుడ్డ కుట్టిన గుండ్రటి దిండు, అంచుకి తెల్లటి మడత. ఆ మడత తన చేతిది. పెళ్ళైన కొత్తలో వదిన గదికి వెళ్ళినప్పుడు, ఉత్త చేతులతో వెళ్ళడం ఎందుకని రాత్రంతా కూర్చుని కుట్టింది.

"ఇవి ఎవరివి?"

"హాస్టల్ వార్డెనమ్మవి. గది ఖాళీ చేసినప్పుడు ఇక్కడ దింపారు. తమ్ముడి భార్యకి జబ్బు తిరగబెట్టిందట. ఇల్లుగలాయన ఉంటే ఉండు, లేకపోతే తాళం ఇచ్చెయ్యి అన్నాడట. ఈవిడ ఇచ్చేసి వెళ్ళిపోయారు." అతను దూది దులుపుకుంటూ మాట్లాడుతున్నాడు, ఎదుటి మనిషి ఎవరో తెలియకుండానే. "ఇందాకే ఫోన్ చేశారు. ఈ చుట్టుపక్కల ఒక్కమనిషికి సరిపడే గది ఎక్కడైనా ఉంటే చూసి పెట్టమని. ఆదివారంలోపల కావాలట. ఇంత తొందరగా ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?"

తూనీగ అక్కడే ఉన్న దూదిమూట మీద కూర్చుండిపోయింది. పొద్దున్న తను అన్న మాట గుర్తొచ్చింది. మీ ఇష్టం వదినా. ఇల్లు లేని మనిషికి ఎంత సులువుగా దారి చూపించింది.

కాసేపటికి లేచింది. "ఆ తమ్ముడి భార్యని నేనే" అంది. "ఈ మంచం నేను తీసుకెళ్తాను. పెట్టె తర్వాత వచ్చి తీసుకెళ్తాం. బస్టాపు దాకా కాస్త సాయం పట్టండి."

అతను నమ్మలేనట్టు చూశాడు. ఫోనులో భార్యని అడిగి, ఆవిడ ఒప్పుకున్నాక మంచం భుజానికెత్తుకున్నాడు.

మొగుడి బస్సు ఆ మూలమీదుగానే తిరుగుతుందని తూనీగకి తెలుసు. ముందొచ్చిన బస్సుల్ని వదిలేసింది. చివరికి ఆయన బస్సు వచ్చింది. వెనక గుమ్మంలోంచి కండక్టరు తల బయటపెట్టాడు.

"ఏంటమ్మా ఇది?"

"మంచం."

"మంచమని కనబడుతూనే ఉంది. బస్సులో ఎందుకు?"

"నడవలేదు కాబట్టి."

"డ్రైవరు ఒప్పుకోడు."

"అడిగి చూడండి."

కండక్టరు ముందుకి కేకేశాడు. "అన్నా, ఇక్కడొకావిడ మంచంతో ఎక్కుతానంటోంది."

డ్రైవరు అద్దంలోకి చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత ఇంజను ఆపేసి దిగొచ్చాడు. పొద్దున్న గడ్డం దాకా దుప్పటి కప్పుకుని ఉన్న పెళ్ళాం, జుట్టునిండా దూదితో రోడ్డు మీద నిలబడి ఉంది.

"మంచం మీద ఉండాల్సినదానివి మంచం మోసుకు తిరుగుతున్నావేంటి?"

కిటికీల్లోంచి జనం నవ్వారు. ఆమె నవ్వలేదు. "ఇది మీ అక్కది. ఆవిడ గది ఎప్పుడో ఖాళీ చేసేశారు. మనకి చెప్పలేదు. మిగతాది ఇంటికొచ్చాక. ముందు ఎక్కించండి, జనానికి ఆలస్యమవుతోంది."

అతను మంచం వైపు చూశాడు. చిన్నప్పుడు అక్క దగ్గరికి సెలవులకి వెళ్తే తను పడుకున్న మంచం. ఒక పక్క పట్టుకుని ఎత్తాడు. కండక్టరు రెండో పక్క పట్టాడు. మంచాన్ని వెనక సీట్ల దగ్గర నిలబెట్టి, దానికి పిల్లల టిక్కెట్టు కొట్టాడు. దారిలో ఎక్కిన ముసలమ్మ ఒకావిడ తన బుట్టని దానికి తగిలించి, "ఈ బస్సులో ఇదొక సౌకర్యం పెట్టారు, బావుంది" అంది. డ్రైవరు ప్రతి స్టాపులోనూ అద్దంలోకి చూస్తుంటే, కండక్టరు "అన్నా, ఆవిడ ఎక్కడికీ పోదు, రోడ్డు చూడు" అన్నాడు.

వీధి మొదట్లో దిగేసరికి కూతురు బడి నుంచి వస్తోంది. తల్లిని చూసి ఆగిపోయింది.

"అమ్మా, నువ్వేంటి బయటున్నావు?"

"తర్వాత చెప్తా. ఆ కొస పట్టుకో."

ఇద్దరూ మోసుకుంటూ, దించుకుంటూ నడిచారు. మలుపు దగ్గర తూనీగకి ఊపిరి అందలేదు. మూసున్న దుకాణం మెట్టు మీద కూలబడింది. పొద్దుటి నుంచీ మర్చిపోయిన భయం ఒక్కసారిగా మీదకొచ్చింది. పిల్ల గాభరాగా మొహంలోకి చూస్తోంది. తూనీగ కళ్ళు మూసుకుని ఊరుకుంది. మెల్లగా ఊపిరి సర్దుకుంది. మొన్నటిదాకా ఇలా సర్దుకునేది కాదు. "పద" అని లేచింది.

వదిన పెరట్లో ఆరిన పరదాలు మడతపెడుతోంది. మంచాన్ని చూసి చేతిలో పరదా వదిలేసింది.

"అది నీకెక్కడ దొరికింది?"

"మీరు పెట్టిన చోటే. ఆదివారం ఎక్కడికి వెళ్దామని వదినా?"

"ఎక్కడో ఒకచోటికి. నీకెందుకు?"

"మాకెందుకు చెప్పలేదు?"

వదిన పరదా తీసుకుని దులిపింది. "చెప్తే వాడు బాధపడతాడు. నీ కళ్ళు పచ్చగా పసుపుముద్దల్లా ఉన్నాయప్పుడు. గది గురించి మాట్లాడే సమయమా అది? నాకేం, పాతికేళ్ళు హాస్టల్లో బతికాను. ఎక్కడైనా బతుకుతాను." పరదాని సగానికి మడిచి అంది. "జాలిపడి తెచ్చావా మంచం?"

"కాదు. కోపమొచ్చి తెచ్చాను."

"దేనికి కోపం?"

"పొద్దున్న నేను మీ ఇష్టమంటే, పోట్లాడకుండా పేపరు చదువుకుంటూ కూర్చున్నారే, అందుకు."

"ఏమని పోట్లాడాలి? ఉండనివ్వమని నిన్ను బతిమాలుకోవాలా? చేసిందంతా బకెట్లో ముంచేశాక?"

"ఉప్పు తీసుకెళ్ళి అటక మీద పెడితే ముంచక ఏం చేస్తాను?"

"పొయ్యి పక్కన ఆవిరి తగిలి ఉప్పు చెమ్మగిల్లుతుంది."

"ఇన్నేళ్ళూ చెమ్మగిల్లలేదే."

"గిల్లింది. నువ్వు చూసుకోలేదు. నేను వచ్చేసరికి డబ్బా అడుగున గడ్డకట్టుకుపోయి ఉంది. గరిటె కాడతో పొడిచి తీశాను. పప్పులో పురుగులు. పోపుడబ్బా మూత పడదు. రోగంతో ఉన్నదానివి, నిన్నేమంటాననీ ఊరుకున్నాను."

గొంతు వీధిలోకి వినబడేంత లేచింది. గుమ్మంలో నిలబడ్డ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "అత్తా, నువ్వు అమ్మని తిడుతున్నావా?" అంది.

వదిన టక్కున ఆగిపోయింది. ఇన్ని నెలల్లో ఆవిడ తూనీగ మీద గొంతెత్తింది ఇదే మొదటిసారి. తూనీగకి మాత్రం మీదున్న దుప్పటి ఎవరో లాగేసినట్టు తేలిగ్గా అనిపించింది. రోగితో ఎవరూ అలా మాట్లాడరు.

"ఇంకేమైనా ఉంటే అవి కూడా అనేయండి" అంది.

"చాలా ఉన్నాయి." వదిన పక్కకి తిరిగి కళ్ళు ఒత్తుకుంది. "నేను ఉంటే రోజూ ఇలాగే ఉంటుంది. నాకు చెప్పకుండా ఊరుకోవడం చాతకాదు. ఈ ఆరు నెలలూ ఎలా బిగబట్టుకున్నానో నాకే తెలుసు."

"ఉండనివ్వండి. సోమవారం నుంచి నేను షాపుకి వెళ్తున్నాను. వంట పంచుకుందాం. నేను మిమ్మల్ని పనికోసం ఉండమనట్లేదు వదినా. మీ చోటు మీకుంటుంది. తలుపు, గొళ్ళెం అన్నీ ఉన్న చోటు. అటు వెనకగది ఉందిగా."

"దాంట్లో మా తమ్ముడి చెత్త తప్ప ఏముంది?"

"అందుకే ఆయన వచ్చేలోపు ఖాళీ చేద్దాం."

వదిన పెదవి కొస కాస్త కదిలింది. నడుముకి తువ్వాలు బిగించింది.

వెనకగదిలో లేనిదంటూ లేదు. తిరగని ఫ్యాను, కాళ్ళు విరిగిన కుర్చీలు, ఖాళీ నూనెడబ్బాలు, ఎప్పటిదో పాత బస్సు హారను. పిల్ల హారను నొక్కితే పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూశారు. కిటికీ రెక్క ఉబ్బి బిగుసుకుపోయి ఉంది. తూనీగ భుజంతో, వదిన మోకాలితో నెడితే ఒక్కసారి తెరుచుకుని, ఇద్దరూ కిటికీకి కొట్టుకున్నారు. నేల రెండుసార్లు కడిగారు. మంచం ఏ గోడకి వెయ్యాలనే దగ్గర మళ్ళీ మాటామాటా అనుకున్నారు. ఈసారి వదినదే పైచెయ్యి అయింది, గది ఆవిడదే కాబట్టి.

సాయంత్రం మొగుడు వచ్చేసరికి మెట్లమీద తన సామాను గుట్టగా పడి ఉంది. ఏదో అనబోయి, వెనకగదిలో మంచం అంచున కూర్చుని ఉన్న అక్కని చూసి ఆగిపోయాడు. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఇనపమంచం కిర్రుమంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో తూనీగ వినలేదు, తలుపు దగ్గరకి వేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న మెలకువ వచ్చేసరికి తూనీగకి చెయ్యి లేవలేదు. నడుం మెసలనివ్వలేదు. ఒళ్ళంతా సీసం పోసినట్టుంది. పైకప్పు చూస్తూ, మళ్ళీ మొదటికొచ్చిందనుకుంది.

"వదినా" అని పిలిచింది.

రావడం ఆలస్యమైంది. చివరికి వదిన గోడ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చింది. మంచం పక్కన కూర్చోవడానికి కూడా ఆవిడకి కాసేపు పట్టింది. ఏమీ అడక్కుండానే తూనీగ కింది రెప్ప లాగి వెలుతురులో చూసింది. నాలుక చాపమంది. నుదురు మీద చెయ్యి పెట్టింది.

"కళ్ళు తెల్లగా ఉన్నాయి. జ్వరం లేదు. ఎక్కడ నొప్పి?"

"భుజాలు. తొడలు. అరచేతులు కూడా."

"నాకు మోకాళ్ళు, నడుం. కిటికీని నెట్టాంగా." వదిన నిట్టూర్చి గోడకి ఆనుకుంది. "ఇది రోగం కాదు అమ్మాయ్. పనిచేసిన ఒళ్ళు. రేపటికి తగ్గుతుంది."

తూనీగ నవ్వబోతే పక్కటెముకలు కూడా నొప్పెట్టాయి. వదినకీ అదే పరిస్థితి అయింది. వంటింట్లో మొగుడు టీ పెడుతూ ఏవో గిన్నెలు కింద పడేసుకుంటున్నాడు. లేచి వెళ్ళి చూద్దామని ఇద్దరికీ అనిపించింది. ఇద్దరిలో ఒక్కరూ లేవలేకపోయారు.